పట్టేసిన ఇంజను

మా అమ్మ పోయిన నలభయ్యోనాటి ఫాతెహా ముగించుకుని ఆమడగూరు నుంచి హిందూపురం వచ్చేసరికి, మా మెటడోర్ ముక్కు పైకెత్తి నిలబడి ఉంది. ఆటో దిగుతూనే చూశాను. ఎప్పుడూ ముందు చక్రాల మీద కాస్త వంగి ఉండే బండి అది. ఆ రోజు ఎవరో వీపు మీంచి మూట దించినట్టు తేలిగ్గా లేచి ఉంది. తలుపు తీసి, రెండు సీట్ల మధ్య ఉండే రేకు మూత ఎత్తాను. కింద నేల కనబడింది. నేల మీద నల్లటి ఆయిలు మరక, తెగిన రెండు వైర్లు.

వసారాలో మంచం మీద పడుకుని మా ఆయన మసూద్ నా వైపే చూస్తున్నాడు.

"ఇంజను యాడ?" అన్నాను. సంచి ఇంకా చేతిలోనే ఉంది.

"తన్వీరు తీస్కపోయినాడు. వాని బండి ఇంజను పట్టేసింది. తిరునాళ్లన్నీ ముందరుండాయి గదా. పిల్లలు గలోడు."

"మరి మనకి?"

"సీజనైనాక తెచ్చి బిగిస్తాడు. వాని ఇంజను ఈడ పెట్టిపోయినాడు. అదో, గోనెపట్ట కిందుండాది."

"నువ్వు ఒప్పుకున్న్యావా?"

"తమ్ముడు అడిగితే లేదనేదెట్లా," అని మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆయన తిప్పుకోగలిగేది నడుము పైభాగమే. కాళ్లు నా వైపే ఉండిపోయాయి.

నేను ఊళ్లో లేనన్నాళ్లూ అన్నను చూసుకుంటానని ధర్మవరం నుంచి వచ్చిన మరిది చేసి పోయిన పని ఇది.

మా మామ బతికుండగా కొడుకులిద్దరికీ చెరొక మెటడోర్ కొనిచ్చాడు. రెండూ ఒకటే రకం, ఒకటే ఏడాదివి. వెనకభాగంలో రెండు పక్కలా గాజుల పెట్టెలు, వాటి మీద పలకలు వేసి పడక, మూలన స్టవ్వు, నీళ్ల డ్రమ్ము, పగలు మడిచి కట్టే పరదా. శివరాత్రి నుంచి వానలు పడేదాకా మా కాపురం అందులోనే. ఈ వారం తేరు, పై వారం ఉరుసు, ఆ పై వారం ఏదో ఊరి జాతర. హిందూపురంలోని రెండు గదుల ఇల్లు వానాకాలానికి తలదాచుకునే చోటు, అంతే. పిల్లలు లేని నాకు ఇల్లంటే ఆ బండే.

రెండేళ్ల కిందట ముదిగుబ్బలో బండి పైకెక్కి టార్పాలిన్ కడుతూ ఆయన జారి పడ్డాడు. నడుము విరిగింది. కాళ్లు ఇక రావన్నారు. ఆ ఏడే నాకు బండి నేర్పాడు. నా సీటు వెనకాల పడక మీద వెల్లకిలా పడుకుని, ఇంజను శబ్దం వింటూ, "ఇప్పుడు గేరు మార్చు, ఇప్పుడు క్లచ్చి ఇడువు" అని చెప్పేవాడు. తప్పు చేస్తే బూతులు తిట్టేవాడు. తిట్లు తింటూనే నేర్చుకున్నాను. ఈ శివరాత్రి తిరునాళ్లకు పోతూ పెనుకొండ మలుపుల దగ్గర ఆయన "మెల్లగా, మెల్లగా" అన్నాడు. "నాకు తెలుసులే, నువ్వు పండుకో," అన్నాను. మళ్లీ ఇల్లు చేరేదాకా ఆయన నోరు తెరవలేదు. తిరునాళ్లలో జనం కూడా మసూద్ బండి అనడం మానేసి, మస్తాన్‌బీ బండి యాడ నిలబెట్టినారు అని అడిగారు. నాకది వ్యాపారం మాటలాగే వినబడింది.

పట్టేసిన ఇంజనును ట్రాక్టరు ట్రాలీలో వేయించి పెనుకొండ రోడ్డులోని మెకానిక్ మంజునాథ్ షెడ్డుకు తీసుకుపోయాను. మంజునాథ్ హెడ్డు విప్పి, లోపలికి టార్చి వేసి చూసి, నోట్లోని వక్క పక్కకు ఉమ్మాడు.

"ఆయిలు చూసుకోకుండా తోలినాడమ్మా నీ మరిది. రెండో పిస్టను సిలిండరుకు అతుక్కపోయింది. క్రాంకు కూడా గీసుకుపోయింది."

"బాగవుతాదా?"

"దుడ్లుంటే సచ్చిపోయినోడు తప్ప అన్నీ బాగవుతాయి."

మెడలోని నల్లపూసల దండ తెంపి, బంగారు గుండ్లు ఏరి అమ్మాను. పూసలు మాత్రం దారానికి మళ్లీ గుచ్చి వేసుకున్నాను. బ్లాకు, సిలిండర్లు కోసి నునుపు చేసే బోరింగుకు పోయింది. క్రాంకు లేతు మిషనుకు పోయింది. పిస్టన్లు, రింగులు, బేరింగులు బెంగుళూరు నుంచి తెప్పించాలన్నాడు. షెడ్డులో పనివాళ్లకు ఉగాదికి ముందు తీరిక లేదని, ఈ ముసలి ఇంజను దగ్గర కూర్చునే మనిషి తన దగ్గర లేడని కూడా అన్నాడు.

"నేను కూచుంటా. ఏం చెయ్యల్లో చెప్పు," అన్నాను.

చెప్పాడు. మర్యాదగా ఏం చెప్పలేదు. వచ్చేపోయే లారీ డ్రైవర్ల ముందర "గాజులు తొడిగే చేతులు గదా, మెల్లగా పోతాయిలే" అని నవ్వేవాడు. డీజిలు పోసిన బేసిన్లో ఒక్కొక్క ముక్క వేసి బ్రష్షుతో కడిగాను. మసి గీకాను. వాల్వు మొహానికి పేస్టు రాసి, పుల్లకు తగిలించి, రెండు అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు తిప్పి అరగదీశాను. వేళ్ల సందుల్లో చర్మం పగిలింది. సబ్బుతో ఎంత తోమినా డీజిలు వాసన పోయేది కాదు. మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తి, ఆయనకు తినిపించి, ఒళ్లు తుడిచి, గుడ్డ మార్చి మళ్లీ షెడ్డుకు వచ్చేదాన్ని.

ఒకరోజు ముద్ద నోటి దాకా పెట్టాక ఆయన నా మెడ వంక చూశాడు.

"గుండ్లు యాడపోయినాయి?"

"ఇంజనులోకి."

"మొగుడు బతికుండంగానే తెంపుకున్న్యావే."

"బతికుండావు గాబట్టే తెంపినా. సచ్చింటే ఇంజను మన బండిలోనే ఉండేది."

ఆయన ముద్ద మింగాడు. ఇంకో ముద్దకు నోరు తెరిచాడు. ఆకలి వేస్తే మనిషికి ఇంకేం దారి ఉంటుంది.

ముక్కలన్నీ వచ్చి ఇంజను కూర్చుతుండగా మంజునాథ్ తల గోక్కున్నాడు.

"దీనికి డీజిలు పంపు లేదే. పడిపోయింది కాదమ్మా ఇది. బోల్టులు శుబ్రంగా ఇప్పి, తీసుకున్నారు."

మరునాడు రైలెక్కి ధర్మవరం పోయాను. తన్వీరు ఇంటి ముందర వాని మెటడోర్ నిలబడి ఉంది. పరీక్ష చేస్తున్నట్టుంది, ఇంజను నడుస్తూ ఉంది. నా ఇంజనే. రెండేళ్లు నా కాలి కింద వణికిన శబ్దం. నన్ను చూసి వాడు కీ తిప్పి ఆపేశాడు.

తోటికోడలు ఫరీన్ లోపలికి పిలిచి అన్నం పెట్టింది. తన్వీరు గడప దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"పంపు కావల్లబ్బీ," అన్నాను. "తీసుకున్న్యోడివి ఇంజను తీసుకున్న్యావు సరే. నీ ఇంజను పంపు నీకేంటికి?"



"నేను తియ్యలేదు వదినా. అంటే, తీసింది నేనే. అన్న తియ్యమన్న్యాడు. పంపుంటే వదిన ఎట్లన్నా బాగుచేయించుకుంటాది, ఇప్పుకోనిపోరా అన్న్యాడు."

కలుపుతున్న అన్నంలో నా చెయ్యి ఆగింది.

"నీ బండి ఇంజను పట్టేసిందని నువ్వు ఫోన్ చేసినావా, మీ అన్న చేసినాడా?"

"అన్నే చేసినాడు. నేను బోరింగుకిద్దామనుకుంటాన్న్యా. ఏంటికిరా ఖర్చు, మాది తీస్కపో, ఆయమ్మ ఊర్లో లేనప్పుడు రా అన్న్యాడు. మొగోడు ఎనక పండుకోనుంటే ఆడది తోలుతాంటే ఊరూరా నవ్వుతాండారంట. వదినను ఇంట్లో కూచోబెట్టల్లంటే ఇదొకటే దారి అన్న్యాడు."

ఫరీన్ పులుసు గిన్నె తెచ్చి నా పక్కన పెట్టి, "ఇంకొంచెం ఏసుకో అక్కా," అంది. వేసుకున్నాను. కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాను. చెయ్యి కడుక్కుని లేచేసరికి తన్వీరు పాత చొక్కాలో చుట్టిన పంపు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నేను చెప్పినానని అన్నతో అనొద్దు వదినా."

"అననులే," అన్నాను.

అనలేదు. మరుసటి రోజు నుంచి మధ్యాహ్నం ఇంటికి పోవడం మానేశాను.

పొద్దున మంచం పక్కన అన్నం, నీళ్లు పెట్టి వచ్చేదాన్ని. పొరుగింటి అక్కమ్మ మధ్యలో ఒకసారి తొంగిచూసి గ్లాసు నింపి పోయేది. గుడ్డ మార్చే పని ఆమెది కాదు. సాయంత్రం నేను వెళ్లేసరికి వసారా అంతా వాసన, ఆయన చుట్టూ ఈగలు. వారం తిరక్కముందే వీపు కింద పుండు లేచింది. నేను పక్కకు దొర్లించి, వేడినీళ్లతో తుడిచి, మందు రాసేదాన్ని. పగిలిన నా వేళ్లు తగిలినప్పుడు ఆయన పళ్లు బిగించేవాడు.

"మధ్యాహ్నం రాకుండా పోతాండావే," అన్నాడు ఒకనాడు.

"షెడ్డులో పనుండాది."

"అక్కమ్మను పిలిచినా. వచ్చింది. ఆడమనిషితో ఏమని చెప్పేది."

"ఫోనుండాది గదా. ఎవరెవరికి ఏమేం చెప్పల్లో నీకు బాగా తెలుసు," అన్నాను.

ఆయన మెడ తిప్పి నా మొహంలోకి చూశాడు. ధర్మవరంలో నేనేం విన్నానో ఆయనకు తెలిసిపోయింది. తెలిసిపోయిందని నాకూ తెలిసింది. మందు సీసా మూత బిగించి, దీపం వెలిగించడానికి లేచాను. ఆ మాట మా మధ్య మళ్లీ రాలేదు.

ఉగాది దాటాక ఒక పొద్దున బండిని ఇంకో బండికి కట్టి షెడ్డుకు లాగించాను. చైన్‌బ్లాకుకు వేలాడదీసిన ఇంజను ఊగుతూ ఊగుతూ సీట్ల మధ్యకు దిగింది. కొత్త రబ్బర్ల మీద కూర్చుంది. బండి ముక్కు మళ్లీ కిందికి వంగింది. పైపులు, వైర్లు, రేడియేటరు తగిలించడానికి సగం పూట పట్టింది. "సెల్ఫ్ కొట్టు," అన్నాడు మంజునాథ్. మూడుసార్లు దగ్గి ఊరుకుంది. నాలుగోసారి షెడ్డంతా నల్లపొగ కమ్మి, లోపల్నుంచి ఒక కొత్త శబ్దం మొదలైంది. నా పాత ఇంజనుది గొణిగే గొంతు. దీనిది బిగుసుకున్న గొంతు.

"కొత్త రింగులు. సర్దుకునేదాకా ఉరికించొద్దు," అన్నాడు మంజునాథ్. అంతకుమించి మెచ్చుకోలు ఏమీ చెప్పలేదు. నేనూ ఎదురుచూడలేదు.

బండి ఇంటి ముందర ఆపగానే ఆయన మంచం మీంచి తల ఎత్తాడు. కాసేపు విన్నాడు.

"ట్యాపెట్లు రొంత బిగువుండాయి," అన్నాడు.

"ఉండనీ."

గాజుల పెట్టెలు ఎక్కించాను. స్టవ్వు, బియ్యం, డ్రమ్ము ఎక్కించాను. చివరికి ఆయన దగ్గరికి వచ్చి చంకల కింద చేతులు వేయబోతే, ఆయన మంచం పట్టె పట్టుకున్నాడు.

"నన్ను ఈడ్నే ఇడిసిపెట్టి పో. ఇట్లా జనంలోకి నేను రాను. తన్వీరుకు చెప్తా. వాడు వచ్చి చూసుకుంటాడు."

"చెప్పు."

తలగడ కిందనుంచి ఫోను తీసి చేశాడు. అవతలి గొంతు నాకు సగం సగం వినబడుతూనే ఉంది. సీజను గదన్నా. ఫరీన్ కూడా నాతోనే బండిలో వస్తాంది. పిల్లోల్లను వాళ్లవ్వ దగ్గర ఇడిసినాం. వాన్లు పడినాక చూద్దాంలే అన్నా. మాటలు అయిపోయాయి. అవతల పెట్టేసిన చప్పుడు కూడా వచ్చింది. ఆయన మాత్రం ఫోను చెవి దగ్గర్నుంచి తీయలేదు. "సరేలే, సరేలే," అని ఎవరూ లేని ఫోనులో రెండుసార్లు అన్నాడు. తర్వాత మంచం పట్టె వదిలాడు.

మొదటి బేరం పెనుకొండ దగ్గర ఒక పల్లెలో ఉరుసు. గుట్ట కింద దర్గా, దానికి పోయే మట్టిదారికి రెండు పక్కలా అంగళ్లు. దారికి ఇవతల నా బండి. అవతల, నాలుగు అంగళ్లు దిగువన తన్వీరు బండి. నా పక్కన బొమ్మలు, బొరుగులు అమ్మే కౌసల్యమ్మ. చాలా ఏళ్లుగా ప్రతి తిరునాళ్లలోనూ మాకు పొరుగు ఆమే.

పొద్దెక్కేసరికి బండి రేకు కాలిపోతోంది. లోపల పరదా వేసుకుని పడుకుంటానన్నాడాయన.

"లోపల ఉడికిపోతావు. పుండు ఇంకా పెద్దదవుతాది," అన్నాను. అది నిజమే.

"అట్లయితే గడ్డమన్నా గియ్యి. ఈ ఊర్లో నన్ను ఎరగనోడు లేడు."

"ఇప్పుడు జనం వచ్చే టయిం. రేపు గీస్తాలే."

కౌసల్యమ్మ కాళ్లు పట్టింది, నేను భుజాలు పట్టాను. దారి పక్క వేపచెట్టు నీడలో చాప వేసి, చెట్టుకు ఆనించి కూర్చోబెట్టాం. కాళ్ల మీద ఈగలు వాలకుండా పాత శాలువ కప్పాను. అది ఆకుపచ్చ శాలువ. ఇంట్లో ఉన్నది అదే.

ఒకప్పుడు ఈ దారిలోనే నిలబడి ఆయన చప్పట్లు కొట్టి పిలిస్తే అంగడి ముందర ఆడవాళ్లు గుంపుగా నిలబడిపోయేవారు. అంత గొంతు. అంత మనిషి. తెల్లచొక్కా మడతలు నలగనిచ్చేవాడు కాదు.

నేను ఒక కొత్త పెళ్లికూతురికి గాజులు తొడుగుతున్నాను. దర్గాకు పోతున్న ఒక ముసలమ్మ చెట్టు దగ్గర ఆగింది. కొంగుముడి విప్పి, వంగి, ఆయన ఒళ్లో ఒక రూపాయి వేసింది.

"నేను అడుక్కునేటోన్ని కాదు తల్లీ," అన్నాడాయన.

"దువా చెయ్ నాయనా," అంటూ ఆమె ముందుకు పోయింది. వినబడిందో లేదో.

ఆయన నా వైపు చూశాడు. గాజు ఆ పిల్ల వేలి కణుపుల దగ్గర ఇరుక్కుని ఉంది. నేను ఆయన వంక చూశాను. తర్వాత పిల్ల చెయ్యి వత్తి, గాజు లోపలికి తోశాను.

ఆ ముసలమ్మ వెనక ఇంకొకరు వేశారు. వాళ్లను చూసి మరొకరు. కొందరు ఆగి, దండం పెట్టి కూడా పోయారు. ఆయన మొదట్లో రూపాయలను చేత్తో తోసేశాడు. అవి చాప మీద పడి, చూసేవాళ్లకు ఇంకా బాగా కనబడ్డాయి.

"మస్తానూ," అని పిలిచాడు. పెళ్లైనప్పటి నుంచీ నన్ను "మే" అనడమే తప్ప పేరుతో పిలిచిన మనిషి కాదు. "నన్ను లోపలికి తీస్కపో."

"గిరాకీ ఉండాది. రొంతసేపుండు."

కౌసల్యమ్మ తన అంగట్లోంచి లేచి నా చెవి దగ్గరికి వచ్చింది. "నీకు కనబడుతాండాదా లేదా? జనం ఆ మనిషిని ఫకీరనుకుంటాండారు చూడు. పట్టు, ఇద్దరం ఎత్తి లోపలేద్దాం."

"గిరాకీ పోతాదక్కా."

ఆమె నన్ను ఒక చూపు చూసి వెనక్కి పోయి కూర్చుంది. ఆ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

మధ్యాహ్నం తన్వీరు బిర్యానీ పొట్లం పట్టుకుని దారి దాటి వచ్చాడు. చెట్టుకు కొంచెం దూరంలో ఆగాడు. అన్న ఒళ్లో ఉన్నవి చూశాడు. ఆకుపచ్చ శాలువ చూశాడు. అన్న కూడా వాణ్ణి చూశాడు. ఒక్క మాట పిలిచినా వాడు వచ్చేవాడేమో. ఈయన పిలవలేదు. వాడు పొట్లం నా అంగడి పలక మీద పెట్టాడు.

"వదినా, రేపే ఇంజన్లు మార్చుకుందాం. నీది నువ్వు తీసుకో. ఆ ఖర్చంతా నేను పెట్టుకుంటా."

"వద్దబ్బీ. ఇదే బాగుండాది."

"అన్నను..."

"మీ అన్నను నేను చూసుకుంటాండా గదా."

వాడు తల వంచుకుని పోయాడు. ఆ సీజనులో మళ్లీ మా బండి దగ్గరికి రాలేదు.

పొద్దు వాలి, జనం పలచబడ్డాక కౌసల్యమ్మను పిలవబుద్ధి కాక నేనొక్కదాన్నే ఆయన్ని ఎత్తడానికి వంగాను. ఆయన కుడిచేతి పిడికిలి ముందుకు చాపాడు. చాప మీద చెల్లాచెదురైనవన్నీ తనే ఏరుకుని పట్టుకున్నట్టున్నాడు.

"ఇంద," అన్నాడు.

"ఏంటికి?"

"డీజిలుకు."

ఆ గొంతులో కోపం ఉందేమో అని విన్నాను. ఎత్తిపొడుపు ఉందేమో అని విన్నాను. ఏమీ లేదు. అలసిపోయిన మనిషి లెక్క అప్పజెప్పినట్టు అన్నాడు. నేను కొంగు పట్టాను. పోశాడు. గాజుల డబ్బులు వేసే డబ్బాలోనే వాటినీ వేశాను.

తర్వాతి ఊరు చేరేసరికి పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. ఆయన లోపల పడుకుంటానని అనలేదు. గడ్డం సంగతి ఎత్తలేదు. నేను నీడ వెతికి, దారికి దగ్గరగా చాప వేసి, ఆయన్ని కూర్చోబెట్టి శాలువ కప్పాను.  తర్వాత బండిలోకి పోయి, ఉతికిన తువ్వాలు తెచ్చి ఆయన ముందర పరిచాను. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టాను.

ఒక మూల రాయి జారింది. ఆయన చెయ్యి చాపి దాన్ని సరిచేశాడు.